కొండకీ సముద్రానికీ మధ్య ఆరు రాత్రులు: కోబే సన్నోమియాలో ఒక హోటల్

విశాఖపట్నంలో ఎవరికైనా హోటల్ గది చూసిపెట్టాలంటే, వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "గదిలోంచి సముద్రం కనిపిస్తుందా?" అనే. పోర్టు విద్యుత్ విభాగంలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి పదవీ విరమణ చేసిన నాకు, పెళ్ళిళ్ళకూ అరకు యాత్రలకూ వచ్చే బంధువుల కోసం గదులు వెతకడం అలవాటైన పని. మంచి చోట ఉన్న హోటల్ అంటే బీచ్ రోడ్డు మీద ఉన్న హోటలేనని నేనూ చాలాకాలం అనుకున్నాను. అక్కడ దిగినవారు రైల్వే స్టేషన్‌కు వెళ్ళాలన్నా, ఆర్టీసీ బస్సుల కాంప్లెక్స్‌కు వెళ్ళాలన్నా, సింహాచలం కొండెక్కాలన్నా గుమ్మం దాటగానే ఆటో బేరం మొదలుపెట్టవలసిందే. అయినా అదొక లోపమని మాకెప్పుడూ తోచలేదు.

2024 నవంబరులో మా ఆవిడా నేనూ జపాన్‌లోని కోబే నగరానికి వెళ్ళినప్పుడు ఈ నమ్మకానికి మొదటి దెబ్బ తగిలింది. అక్కడ ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఉండేది ఒంటి గది ఇల్లు. ముగ్గురు పడుకుంటే తలుపు తెరుచుకోదు. అందుకే మాకు హోటల్ తీసుకోవలసి వచ్చింది. రేవు కనిపించే గది దొరుకుతుందేమో చూడమ్మా అని నేనంటే, "నాన్నా, ఇక్కడ కనిపించాల్సింది సముద్రం కాదు, స్టేషన్" అని చెప్పి, సన్నోమియా స్టేషన్‌కు నాలుగు నిమిషాల నడకలో ఉన్న ఒక పద్నాలుగు అంతస్తుల హోటల్లో నవంబరు 12 నుంచి ఆరు రాత్రులకు గది తీసుకుంది. లోపాలు కూడా రాయబోతున్నాను కనుక ఆ హోటల్ పేరు ఇక్కడ ఇవ్వడం లేదు. ఆ స్టేషన్ చుట్టుపక్కల ఇదే తరహా హోటళ్ళు చాలా ఉన్నాయి కాబట్టి, వాటిలో దేనిని ఎంచుకోబోయేవారికైనా ఈ అనుభవం చాలావరకు పనికివస్తుందని అనుకుంటున్నాను.

ముందుగా చోటు సంగతి. జేఆర్, హాంక్యూ, హాన్షిన్ సంస్థల రైళ్ళూ, నగర సబ్‌వే, 1981 నుంచి డ్రైవరు లేకుండా నడుస్తున్న పోర్ట్ లైనర్ అనే చిన్న రైలూ అన్నీ కలిసే కూడలి సన్నోమియా. మేము సింగపూర్ మీదుగా ప్రయాణించి ఉదయం కాన్సాయ్ విమానాశ్రయంలో దిగి, అక్కడి నుంచి బస్సెక్కితే గంటా పది నిమిషాల్లో ఈ స్టేషన్ పక్కనే దింపింది. ఒసాకాకు వేగంగా వెళ్ళే రైలు పట్టుకుంటే ఇరవై నిమిషాలకు కాస్త ఎక్కువ, హిమేజీ కోటకు నలభై నిమిషాలు, క్యోటోకు సుమారు యాభై నిమిషాలు. ఈ వేగం కోసం మామూలు టికెట్ మీద అదనంగా ఏమీ చెల్లించనక్కరలేదు. షింకన్‌సెన్ అనే అతివేగ రైలు ఆగే షిన్ కోబే స్టేషన్ సబ్‌వేలో ఒక్క స్టాపు దూరం. ఈ లెక్కలన్నీ పటంలో ఎవరైనా చూసుకోవచ్చు గాని, వాటి విలువ మాకు అర్థమైంది మూడో రోజు మధ్యాహ్నం. హిమేజీ కోట మెట్లెక్కి మోకాళ్ళు పట్టేసిన మా ఆవిడ గదికి వచ్చి రెండు గంటలు నడుం వాల్చి, సాయంత్రం మళ్ళీ బయలుదేరి రేవు వైపు నడవగలిగింది. బీచ్ రోడ్డు హోటల్లో దిగిన మా బంధువులెవరూ మధ్యాహ్నం గదికి తిరిగి రావడం నేను చూడలేదు. రానూ పోనూ ఆటో ఖర్చు తలుచుకుని, కాళ్ళు పీకుతున్నా సాయంత్రం దాకా బయటే గడిపేవారు.

కోబేలో మరో వింత ఏమిటంటే, అక్కడివారు దారి చెప్పేటప్పుడు ఉత్తరం, దక్షిణం అనరు. "యామగావా" అంటే కొండ వైపు, "ఉమిగావా" అంటే సముద్రం వైపు అంటారు. ఊరి వెనుక గోడ కట్టినట్టు రొక్కో కొండలు, ముందు రేవు, మధ్య సన్నని పట్టీలా ఊరు. కైలాసగిరినీ, డాల్ఫిన్స్ నోస్‌నూ, యారాడ కొండనూ చూసి దిక్కులు గుర్తుపెట్టుకునే విశాఖవాసులకు ఈ పద్ధతి నేర్పనక్కరలేదు. హోటల్ ఉన్నది ఫ్లవర్ రోడ్ అనే వెడల్పాటి వీధికి ఒక సందు లోపల. ఒకప్పుడు ఇకుతా నది పారిన దారి అది. 1871లో నదిని పక్కకు మళ్ళించి, పాత నదీగర్భాన్ని వీధిగా మార్చారు. ఆ వీధి పట్టుకుని పైకి నడిస్తే కొండ, కిందికి నడిస్తే రేవు. దారి తప్పే అవకాశమే లేదు. మొదటి రోజు హోటల్ కౌంటరులో నగరపటం ఇచ్చారు. రెండో రోజుకు అది మడత విప్పకుండానే సంచి అడుగుకు చేరింది.

ఇక గది. పద్దెనిమిది చదరపు మీటర్లని రాసి ఉంది. మన లెక్కలో ఇరవై ఒక్క గజాలు. అందులోనే రెండు మంచాలు, గోడకు ఆనించిన బల్ల, చిన్న ఫ్రిజ్, స్నానాల గది. రెండు పెద్ద సూట్‌కేసులను ఒకేసారి తెరిచే వీలు లేదు. ఒకటి మూసి మంచం కిందికి తోస్తేనే రెండోది తెరుచుకుంటుంది. ఇంత ఇరుకులోనూ ఏ వస్తువు ఎక్కడ చేతికి అందాలో ఎవరో కూర్చుని ఆలోచించినట్టు ఉంటుంది. తలవైపే దీపాల స్విచ్చులన్నీ, పడుకుని పుస్తకం చదువుకోవడానికి వంచుకునే చిన్న దీపం, కళ్ళజోడు పెట్టుకునే గూడు, ఫోను ఛార్జింగ్‌కు రెండు సాకెట్లు ఉన్నాయి. వయసు మళ్ళినవారు రాత్రి లేచినప్పుడు కాలికి ఏదీ తగలకుండా మంచం కింది నుంచి సన్నని వెలుగు కూడా వస్తుంది. విశాఖలో ఇంతకు మూడు రెట్లు పెద్ద గదుల్లో దిగి, దీపం ఆర్పడానికి మంచం దిగి తలుపు దాకా నడిచిన రోజులు నాకు గుర్తొచ్చాయి.

స్నానాల గది గురించి కొంచెం ఎక్కువగా రాయాలి, ఎందుకంటే మనవాళ్ళు విదేశీ హోటళ్ళకు భయపడేది ముఖ్యంగా అక్కడే. మా ఆవిడ సూట్‌కేసులో ఒక ప్లాస్టిక్ మగ్గు పెట్టుకుని వచ్చింది. అది ఆరు రోజులూ సూట్‌కేసులోనే ఉండిపోయింది. టోటో సంస్థ 1980లో వాష్‌లెట్ అనే పేరుతో అమ్మకానికి తెచ్చిన నీటితో శుభ్రం చేసే కమోడ్ ఇప్పుడు అక్కడి మామూలు హోటళ్ళలో కూడా ఉంటుంది. నీటి ధార, వేడి, కూర్చునే పీట వెచ్చదనం అన్నీ గోడ మీది మీటలతో మార్చుకోవచ్చు. అమెరికాలో ఉన్న మా తమ్ముడింట్లో లేని సౌకర్యం ఇక్కడ దొరికిందని ఆమె అదే రోజు ఫోనులో చెప్పేసింది కూడా. ఇక స్నానాల గది మొత్తం గోడలతో, నేలతో, తొట్టితో సహా ఒకే పెట్టెలా తయారై వచ్చి అమర్చినట్టు ఉంటుంది. 1964 టోక్యో ఒలింపిక్స్ సమయానికి హోటల్ న్యూ ఓటానీని త్వరగా పూర్తిచేయడం కోసం కార్ఖానాలో తయారుచేసి తెచ్చి బిగించిన స్నానాల గదులతో ఈ పద్ధతి పేరుకెక్కింది. అతుకులు తక్కువ కాబట్టి మూలల్లో నాచు పట్టదు, నీరు కిందికి కారదు. మా ఇంట్లో మూడేళ్ళకోసారి బాత్‌రూమ్ లీకేజీకి మేస్త్రీని పిలిచే మనిషిగా దాన్ని నేను చాలాసేపు తట్టి చూశాను.

నా వృత్తికి తలవంపులు తెచ్చిన సంగతి ఒకటి దాచకుండా చెప్పాలి. కార్తీక మాసం కావడంతో మా ఆవిడ నీచు మాత్రమే కాక ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టదు. అందుకని ఇంటి నుంచి చిన్న కరెంటు కుక్కర్ తీసుకెళ్ళాము. ప్లగ్గు మార్చే అడాప్టర్ జాగ్రత్తగా కొన్న నేను, జపాన్‌లో కరెంటు 100 వోల్టులని తెలిసి కూడా దాని పర్యవసానం లెక్కవేయలేదు. 230 వోల్టులకు తయారైన కుక్కర్ 100 వోల్టుల మీద ఐదో వంతు శక్తితో మాత్రమే పనిచేస్తుంది. నలభై నిమిషాల తరువాత కూడా బియ్యం గోరువెచ్చని నీళ్ళలో నానుతూనే ఉన్నాయి. ముప్పై ఏళ్ళు ట్రాన్స్‌ఫార్మర్ల మధ్య బతికిన మనిషికి ఇది జరిగిందని మా అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. పైగా గదిలో వేడిచేసే సొంత పరికరాలు వాడరాదని బల్ల మీది నియమాల పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంది. చూసుకోకపోవడం మా తప్పే. చివరకు కింది అంతస్తులోని చిన్న దుకాణంలో దొరికే వండిన అన్నం డబ్బాలు కొని, ఐదో అంతస్తులో బట్టలు ఉతికే యంత్రాల పక్కన అతిథుల కోసం పెట్టిన మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు వేడిచేసుకుంటే సరిపోయింది. ఆ అన్నం మన సన్నబియ్యంలా పలుకుగా ఉండదు గాని, వెల్లుల్లి వేయని కంది పొడి, నువ్వుల నూనె కలుపుకుంటే ముద్ద బాగానే దిగింది. తాగునీటికి మాత్రం డబ్బు ఖర్చు కాలేదు. కొళాయి నీళ్ళే నేరుగా తాగవచ్చు. మేఘాద్రిగెడ్డ నీళ్ళను వడపోసి, కాచి, చల్లార్చి తాగడానికి అలవాటుపడిన మేము మొదటి గ్లాసు దగ్గర మాత్రం కొంచెం తటపటాయించాము.

ఉదయం ఆరున్నరకు రెండో అంతస్తులో ఫలహారం పెడతారు. నాకు అది పండుగే: కాల్చిన చేప, అన్నం, సోయా ముద్దతో చేసే మిసో పులుసు, గుడ్డు అట్టు, రకరకాల ఊరగాయలు. ఉమేబోషి అనే ఉప్పులో ఊరవేసిన పండు నోట్లో పెట్టుకోగానే మా అమ్మ ఊరవేసే ఉసిరికాయ జ్ఞాపకం వచ్చింది. శాకాహారులు మాత్రం జాగ్రత్త పడాలి. పైకి కూరగాయలూ సోయా పనీరూ మాత్రమే కనిపించే పులుసుల్లో, కూరల్లో కూడా చాలావరకు ఎండబెట్టిన చేప తురుముతో కాచిన రసం ఉంటుంది. దాన్ని వాళ్ళు నీచు కింద లెక్కించరు. శాకాహారమేనా అని అడిగితే అవునని చెప్పే మనిషి అబద్ధం చెప్పడం లేదు. మా ఆవిడ పండ్లు, బ్రెడ్డు, తెల్లన్నం, పెరుగుతో సరిపెట్టుకుంది. ఇక్కడ మళ్ళీ చోటే అక్కరకు వచ్చింది. హోటల్ నుంచి కొండ వైపు పదిహేను నిమిషాలు నడిస్తే కితానో అనే పాత పేట వస్తుంది. 1868లో రేవు తెరిచాక విదేశీ వర్తకులు ఇళ్ళు కట్టుకున్న చోటు అది. ముత్యాల వ్యాపారం చేసిన గుజరాతీ, మార్వాడీ కుటుంబాల వల్ల అక్కడ 1985లో కట్టిన జైన దేవాలయం ఉంది, ఆ చుట్టుపక్కల భారతీయ భోజనశాలలూ ఉన్నాయి. ఉల్లి, వెల్లుల్లి లేకుండా పప్పు, రొట్టెలు చేసిపెట్టమని హిందీలో అడిగితే వారు ఆశ్చర్యపోలేదు.

పై అంతస్తులో అందరికీ కలిపి ఒక పెద్ద వేడినీళ్ళ స్నానశాల ఉంది. మగవారికి నీలం తెర, ఆడవారికి ఎరుపు తెర. లోపల ఎవరి ఒంటి మీదా నూలుపోగు ఉండకూడదు. ముందు చిన్న పీట మీద కూర్చుని ఒళ్ళంతా శుభ్రంగా తోముకుని, కడుక్కుని, ఆ తరువాతే తొట్టిలో దిగాలి. చేతి తువాలు నీళ్ళలో ముంచకూడదు. మా ఆవిడ మొదటి రోజు ఆ మాట వినగానే ఒక దండం పెట్టేసింది. నేను తెల్లవారుజామున ఐదు గంటలకు, ఎవరూ ఉండరన్న ధైర్యంతో వెళ్ళాను. గదిలోని టీవీలో స్నానశాల ఖాళీగా ఉందో లేదో, ఉతికే యంత్రాల్లో ఎన్ని తిరుగుతున్నాయో కూడా చూపిస్తారు; ఆ చిన్న సౌకర్యం కనిపెట్టిన మనిషికి సిగ్గరుల తరఫున కృతజ్ఞతలు. మెడ దాకా వేడినీళ్ళలో కూర్చుంటే అద్దాల అవతల కొండ అంచు నల్లగా, దాని మీద ఆకాశం కొంచెం కొంచెంగా తెల్లబడుతూ కనిపించేది. నాలుగో రోజు నుంచి మా ఆవిడ కూడా, టీవీలో "ఖాళీ" అని చూసుకుని, కార్తీక స్నానం అక్కడే కానిచ్చింది. చన్నీళ్ళ స్నానమే శ్రేష్ఠం కదా అని నేనంటే, దేశకాల పరిస్థితులను బట్టి అని సమాధానం వచ్చింది.

సిబ్బంది మర్యాద గురించి అందరూ రాసేదే నేనూ రాస్తే ఉపయోగం లేదు. మర్యాదతో పాటు వాళ్ళ ఖచ్చితత్వం గురించి కూడా తెలుసుకుని వెళ్ళడం మంచిది. మేము పదకొండున్నరకే హోటల్ చేరాము; గది ఇచ్చేది మూడు గంటలకే. విశాఖలో అయితే కౌంటరు దగ్గరి కుర్రాడు "చూద్దాం సార్" అంటాడు, అరగంటలో ఏదో ఒక గది తాళం తెస్తాడు. ఇక్కడ ఆ "చూద్దాం" అన్న మాటకు చోటు లేదు. సామాను తీసుకుని, చీటీ కట్టి, వంగి నమస్కరించి, మూడింటికి రమ్మన్నారు. మూడు గంటలకు వెళ్ళేసరికి సామాను గదిలో ఉంది. పాస్‌పోర్టుల నకళ్ళు తీసుకోవడం అక్కడి నిబంధన కనుక అవి చేతిలో ఉంచుకోవాలి. కార్తీక పౌర్ణమి నవంబరు 15న వచ్చింది. ఆ సాయంత్రం గదిలో చిన్న దీపం పెట్టుకోవచ్చా అని మా ఆవిడ అడగమంటే, అనువాద యంత్రం ముందు పెట్టుకుని అడిగాను. కౌంటరులోని యువకుడు చాలా సేపు నొచ్చుకున్న ముఖంతో వీలుకాదని చెప్పాడు. పది నిమిషాల తరువాత తలుపు తట్టి, ఫలహారశాల బల్లల మీద పెట్టే బ్యాటరీ దీపాలు రెండు పళ్ళెంలో పెట్టి ఇచ్చి వెళ్ళాడు. వాటిని మా ఆవిడ కిటికీ దగ్గర ఉంచింది. లెక్కలోకి వస్తాయో రావో ఆమె నాకు చెప్పలేదు.

గది తలుపు వెనుక మెట్ల దారి పటం, మంచం పక్క గోడకు కొక్కెంలో ఒక టార్చిలైటు, కిటికీ అద్దం మీద తలకిందులుగా ఎర్రని త్రికోణం ఉన్నాయి. టార్చి కొక్కెంలోంచి లాగగానే దానంతట అదే వెలుగుతుంది. త్రికోణం అగ్నిమాపక సిబ్బంది బయటి నుంచి పగలగొట్టి లోపలికి రావలసిన కిటికీకి గుర్తు. మొదట ఇవి నా కళ్ళకు అలంకారాల్లాగే కనిపించాయి. 1995 జనవరి 17న ఉదయం 5 గంటల 46 నిమిషాలకు ఇక్కడ వచ్చిన భూకంపంలో ఆరు వేల మందికి పైగా మరణించారు. ఈ వీధుల్లోని భవనాలు ఎన్నో కూలిపోయాయి. హోటల్ నుంచి సముద్రం వైపు పది నిమిషాలు నడిస్తే నగరపాలక భవనం పక్కన ఉన్న తోటలో ఆ మృతుల జ్ఞాపకంగా ఆరకుండా వెలిగే ఒక జ్వాల ఉంది. అక్కడ నిలబడి తిరిగి వచ్చిన రాత్రి ఆ టార్చిని ఒకసారి లాగి చూసి మళ్ళీ పెట్టాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు రాత్రి, కిటికీ అద్దాలు పగిలాక, మా ఇంట్లో టార్చి ఎక్కడుందో వెతుక్కుంటూ గాజుపెంకుల మీద నడిచిన మనిషిని నేను. ఊరికి తిరిగి వచ్చిన వారంలోనే మంచం పక్కన మేకు కొట్టి ఒకటి తగిలించాను.

గది శుభ్రం చేసేవారిని మేము ఒక్కసారి కూడా చూడలేదు. 2022 ఏప్రిల్ నుంచి ప్లాస్టిక్ వాడకం తగ్గించే చట్టం అమలులో ఉండటంతో పళ్ళకుంచెలు, దువ్వెనలు, గడ్డం గీసుకునే కత్తులు గదిలో పెట్టరు. కింద హాలులోని అరల నుంచి కావలసినవి మనమే తెచ్చుకోవాలి. ఇది తెలియక మొదటి రాత్రి పదింటికి చెప్పులతోనే కిందికి దిగాల్సి వచ్చింది. శుభ్రత విషయంలో నా మనసులో నిలిచిపోయింది ఒక బొట్టుబిళ్ళ. మా ఆవిడ అలవాటు ప్రకారం మొదటి రాత్రే నుదుటి బిళ్ళ తీసి స్నానాల గది అద్దానికి అంటించింది. మరునాడు అద్దం మీద నీటి మరక కూడా లేకుండా తుడిచారు, బిళ్ళ మాత్రం అక్కడే ఉంది. రోజుకొకటి చొప్పున చివరకు అక్కడ ఐదు బిళ్ళలు చేరాయి. ఐదింటి చుట్టూ జాగ్రత్తగా తుడిచారే తప్ప ఒక్కదాన్నీ కదపలేదు. అవి ఏమిటో వారికి తెలిసే అవకాశం లేదు. అతిథి వస్తువు కనుక తీయకూడదన్నదొక్కటే వారికి తెలిసి ఉంటుంది.

లోపాలు కూడా ఉన్నాయి. కిటికీ తెరుచుకోదు, సీలింగ్ ఫ్యాను ఉండదు. చల్లదనమైనా వేడైనా భవనం మొత్తానికి ఒకటే ఏర్పాటు కనుక, ఆ నవంబరులో గదిలో మార్చుకోగలిగింది గాలి వేగం ఒక్కటే. రెండో రాత్రి ఉక్కపోతతో నిద్ర పట్టక కౌంటరుకు చెబితే ఒక బల్ల ఫ్యాను తెచ్చి ఇచ్చారు, కొంత నయమైంది. లిఫ్టులు రెండే, ఫలహారం వేళకు అవి ప్రతి అంతస్తులో ఆగి వచ్చేసరికి ఆరేడు నిమిషాలు పట్టేది. సందులో మద్యం దుకాణాలు ఉండటంతో శుక్ర, శనివారాల్లో అర్ధరాత్రి దాటాక కూడా కింద నవ్వులు, కేకలు వినిపించాయి. స్టేషన్‌కు దగ్గరగా ఉండాలనుకునేవారు దీన్ని భరించాల్సిందే.

ధర విషయానికి వస్తే, ఫలహారంతో కలిపి ఇద్దరికి మామూలు రోజుల్లో రాత్రికి 17,000 యెన్లు, అంటే సుమారు 9,300 రూపాయలు పడింది. శనివారం రాత్రికి మాత్రం అదే గదికి 26,000 యెన్లు తీసుకున్నారు. అక్కడ చాలా హోటళ్ళలో గదికి కాక మనుషుల సంఖ్యను బట్టి ధర నిర్ణయిస్తారు కనుక, ఒకరికి బుక్ చేసి ఇద్దరు వెళ్ళడం కుదరదు. బీచ్ రోడ్డులో ఇదే డబ్బుకు ఇంతకంటే విశాలమైన గది, సముద్రం, కావలసినంత సాంబారు దొరుకుతాయన్నది నిజం. ఆరు రోజుల్లో మేము టాక్సీ ఎక్కింది ఒక్కసారి, అదీ వానలో. ఆ లెక్క కూడా కలుపుకుంటే నాకు ధర ఎక్కువనిపించలేదు.

ఖాళీ చేసే రోజు పదకొండు గంటల తరువాత గంటకు ఇంత అని అదనంగా తీసుకుంటారు. మేము పదిన్నరకే దిగి, తాళపు కార్డులు పెట్టెలో వేసి, సామాను కౌంటరులో అప్పగించి, సాయంత్రం బస్సు వరకు రేవు దగ్గర గడిపాము. కిరండూల్ నుంచి మన పోర్టుకు వచ్చిన ఇనుప ఖనిజం దశాబ్దాల పాటు ఓడల్లో జపాన్‌కు వెళ్ళింది. ఆ రైలు మార్గం వేయడానికి 1960లలో సాయం చేసినదీ జపానే. ఆ ఓడలు నింపే యంత్రాలకు కరెంటు అందించే పని చేసినవాడిని, అవతలి ఒడ్డు ఎలా ఉంటుందో చూడటానికి ఇన్నేళ్ళు పట్టింది. వచ్చే ఏడాది వియ్యంకులతో కలిసి మళ్ళీ వెళ్ళాలని అనుకుంటున్నాము. ఇదే హోటల్లో, శనివారం తగలకుండా, పదో అంతస్తుకు పైన, సందు వైపు కాకుండా కొండ వైపు గదులు చూడమని అమ్మాయికి చెప్పాను. కుక్కర్ తీసుకెళ్ళడం లేదు.